తిత్తి వెనక దొరసామి

తమిళనాడు ధర్మపురిలోని మిషన్ స్కూలు చాపెల్‌లో ఆర్గన్ ఎవరు వాయిస్తారని అడిగితే ఊళ్లో అందరూ షర్మిళ టీచర్ పేరు చెబుతారు. దొరసామిని అడిగితే ఆయన భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకుని, తొందరేమీ లేకుండా, "నేనే" అంటాడు. ఆ అమ్మాయి ముందు కూర్చుని మీటలు నొక్కుతుంది, కాదనడు. కానీ గాలి ఎవరిది? వెనక చెక్క తడిక చాటున నిలబడి, అరచేతుల రాపిడికి నున్నబడిన పిడి పట్టుకుని, ముప్పై నాలుగేళ్లుగా తిత్తి కొడుతున్నది తను. తను చెయ్యి ఆపితే టీచర్ పది వేళ్లూ అరిగేలా నొక్కినా ఆ పెట్టె ఊరి బయటి బండరాయి.

దొరసామికి అరవై నాలుగేళ్లు. బజారు వీధిలో పాత్రల అంగడి. తండ్రి కాలంలో అక్కడ ఇత్తడి, రాగి సాయంకాలపు ఎండను తాగి కూర్చునేవి. ఇప్పుడు స్టీలు డబ్బాలు, ఎర్ర ప్లాస్టిక్ బకెట్లు ఒకదాని నోట్లో ఒకటి తల పెట్టుకుని నిద్రపోతున్నాయి. సోమ, శుక్రవారాల్లో స్కూలు ప్రార్థనకు, ఆదివారం ఆరాధనకు ఆయన నుదుటి నామం చెరగకుండానే చాపెల్‌కు బయల్దేరితే అంగట్లో భార్య గౌరమ్మ కూర్చుంటుంది. ఆయన ఏడీ అని ఎవరైనా అడిగితే, గాలి కొట్టేదానికి పోయినాడని చెబుతుంది. కొత్తవాళ్లు ఆయనకు సైకిల్ షాపు కూడా ఉందనుకుంటారు.

కీర్తనల మాటలు ఆయనకు రావు. దెబ్బల లెక్కలో మాత్రం అన్నీ వచ్చు. క్రిస్మస్ పాటకు నలభై రెండు దెబ్బలు. పెళ్లి పాటకు ముప్పై. చావు పాటకు పద్దెనిమిది. పోయినవాళ్లకు గాలి తక్కువ చాలు. మధ్యలో ఒకసారి స్కూలువాళ్లు కరెంటు మోటారు తెచ్చి పెట్టారు. అది రాగి పిండి విసిరే మిల్లులా అరిచింది. దేవుణ్ణి పిలుస్తుంటే పక్కింట్లో పిండి ఆడుతున్నట్టు ఉందని పిల్లలు నవ్వారు. రెండో వారానికే మోటారు తోటకు నీళ్లు తోడడానికి పోయింది, దొరసామి పిడి దగ్గరికి తిరిగొచ్చాడు. ఆ వారం అంగడికి వచ్చిన ప్రతి మనిషీ ఈ కథ రెండుసార్లు విన్నాడు.

ఆర్గన్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఆయన పొయ్యి ఊదే గొట్టం చూపించి మొదలుపెడతాడు. అట్లాంటి గొట్టాలు మూడువందల పైచిలుకు. కింద తోలు తిత్తి, దాని మీద గాలిపెట్టె, గాలిపెట్టె మీద వరసలు వరసలుగా గొట్టాలు. ముందు మీట నొక్కితే వెనక ఒక తోలుమూత తెరుచుకుంటుంది. గాలి గొట్టంలోకి పోయి, దాని కోసిన పెదవికి తగిలి పలుకుతుంది. పొడుగు గొట్టానిది లావు గొంతు, పొట్టిదానిది సన్నం. మీటల పక్కన గుండ్రటి చెక్క బొత్తాలున్నాయి; ఒకటి లాగితే ఒక వరస మేలుకుంటుంది, లోపలికి తోస్తే పడుకుంటుంది. తిత్తిలో గాలి ఎంతుందో చెప్పడానికి దారానికి వేలాడే సీసపు గుండు ఒకటి ఉంది. అది గోడ మీది పెన్సిలు గీత దాటకూడదు. ఆ గీత గీసిన తెల్లదొర ఎప్పుడో మట్టిలో కలిసిపోయాడు. గీత ఇంకా పెత్తనం చేస్తూనే ఉంది.

చాపెల్‌లోకి అడుగుపెట్టినవాళ్లకు కనిపించేవి మాత్రం ముందు వరసలోని పదిహేడు పెద్ద గొట్టాలు. నిలువెత్తు, బంగారు రంగు, ఫొటోకు నిలబడిన పెద్దమనుషుల్లా బిగుసుకుని. వాటిలో ఒక్కటీ మోగదు. వాటికి గాలి పోయే దారే లేదు. చేసినవాళ్లు అందం కోసం నిలబెట్టినవి. పలికేవన్నీ వాటి వెనక, దుమ్ములో, ఎవరి ముఖమూ చూడకుండా ఉంటాయి. ఈ సంగతి స్కూల్లో దొరసామికి, షర్మిళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆర్గన్ వచ్చి నూరేళ్లయిన సందర్భంగా స్కూలు ఇంగ్లీషులో ఒక సంచిక వేసింది. పద్దెనిమిది చెక్కపెట్టెలు ఇంగ్లండు నుంచి ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి రైల్లో మొరప్పూరుకు, మొరప్పూరు నుంచి బుల్లి రైల్లో ధర్మపురికి వచ్చాయని అందులో రాశారు. అది నిజమే. నాటి నుంచి నేటి వరకు ఒక్క గొట్టం కూడా మారలేదని కూడా రాశారు. సంచిక చదివించుకుని విన్న దొరసామికి అక్కడ గుచ్చుకుంది. పందొమ్మిది మారాయి. మార్చినవాడు ఆయన తండ్రి అంజనప్ప.

దొరసామి పుట్టిన ఏడాది, స్కూలుకు వేసవి సెలవులప్పుడు, దొంగలు చాపెల్ వెనక తలుపు విరగ్గొట్టి చేతికందిన పందొమ్మిది గొట్టాలు ఊడబెరుక్కుపోయారు. వాళ్లకు సంగీతంతో పని లేదు, తగరంతో ఉంది. నలగ్గొట్టి, ఉండచుట్టి, పాత సామానని చెప్పి బజారు వీధిలో అంజనప్పకే అమ్మారు. అంజనప్ప దాన్ని కరిగించి నెల రోజులు ఊరి గిన్నెలన్నిటికీ కళాయి పూశాడు. ఆ నెల ధర్మపురిలో చారు మరిగిన ప్రతి ఇంట్లోనూ ఇంగ్లండు ఆర్గన్ ముక్క ఒకటి దానితో పాటు మరిగింది. ఆ తర్వాత అప్పటి పాదిరి, మిగిలిన గొట్టాల్లో ఒకటి సంచిలో పెట్టుకుని, ఇట్లాంటివి చేసిస్తావా అని అడగడానికి వచ్చింది కూడా అదే అంగడికి. గొట్టం చేతిలోకి తీసుకోగానే అంజనప్పకు తెలిసిపోయింది. లోహం బరువు, వంచితే చేసే చప్పుడు ఆ చేతులు మరిచిపోలేదు. ఆయన ఏమీ అనలేదు. మామూలుగానే నోరు విప్పే మనిషి కాదు. మూడు నెలలు అంగడి వెనక కూర్చుని, రేకు పోసి, గుండ్రంగా చుట్టి, పెదవి కోసి, పందొమ్మిదీ చేసిచ్చాడు. పాదిరి మీట నొక్కి తల ఊపితే సరి, ఊపకపోతే గొట్టం అంచు ఇంకో రవ్వ కత్తిరించాలి. కూలి వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో పాదిరికి తెలియక, ఎంత భక్తి అని మెచ్చుకున్నాడు. అప్పటి నుంచి చనిపోయేదాకా అంజనప్పే వచ్చి తిత్తి కొట్టాడు. ఇదంతా దొరసామికి చెప్పింది తల్లి పుట్టమ్మ.

అందుకే ఈ నూరేళ్ల పండగలో దొరసామికి కావలసింది ఒక్కటే. తండ్రి పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి. పలక మీదో, గొట్టం మీదో, కనీసం ఎవరి నోట్లోనో. స్కూలు కరస్పాండెంట్ రాజమాణిక్కం సారు దగ్గరికి ఉతికిన పంచె కట్టుకుని వెళ్లి అడిగాడు. కళాయి సంగతి మినహాయించి అంతా చెప్పాడు. సారు ఓపిగ్గా విని, ధర్మపురిలో చేసిన గొట్టాలున్నాయని చెబితే అది ఇంగ్లండు ఆర్గన్ ఎట్లా అవుతుందని తమిళంలో అడిగాడు. పైగా పేర్లు రాసేది ముందు వరస మీద, రాసేది దాతలవి. కొత్త బంగారు పూత, ఒక్కొక్క గొట్టం మీద ఒక్కొక్క దాత పేరు, నల్లటి అక్షరాల్లో. పదిహేడూ అయిపోయాయి.

అన్నిటికంటే ఎత్తైన నడిమి గొట్టం కుమరేశన్‌ది. పాలకోడులో టమాట మండీ నడుపుతాడు, ఆ స్కూల్లోనే చదివాడు, గౌరమ్మకు తమ్ముడి వరస. పేరు రాయించుకున్న మరునాడే అంగడికొచ్చి, నిలబడే అడిగాడు.

"బావా, నా గొట్టం చూసినావా?"

"చూసినా. బాగా ఎత్తుగా ఉండాది."

"గొంతు ఎట్లుంటుంది?"

దొరసామి ఆలోచించినట్టు గడ్డం గోక్కున్నాడు. "ఈ నూరేళ్లలో ఒక్కనాడు కూడా తప్పు పలికింది లేదు."

కుమరేశన్ ఆ మాట జేబులో నోటులా దాచుకుని వెళ్లిపోయాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తన గొట్టం గొంతు తను వినాలన్న కోరిక పుట్టింది ఆయనకు. పండగ రోజున పేరు పిలవగానే ఆ దాత గొట్టాన్ని మోగించాలని కరస్పాండెంట్‌కు ఫోన్ చేశాడు. ఇది విని మిగతా పదహారుగురూ మాకూ కావాలన్నారు. ఆలోచన చాలా బాగుందని సారు అందరికీ మాటిచ్చి, ఆ తర్వాత షర్మిళను పిలిచి చెప్పాడు. అవి మోగవు సార్, అందామె. రిపేరు చేయించమన్నాడు. పాడైతే రిపేరు, వాటి పుట్టుకే అంత అని ఆమె వివరించింది. కొంతసేపటికి రాజమాణిక్కం సారు, జన్మలో మొదటిసారి, బజారు వీధిలో పాత్రల అంగడి మెట్లెక్కాడు.

ఉత్తచేతులతో మాట్లాడలేక ముందు ఒక స్టీలు డబ్బా బేరమాడాడు. గౌరమ్మ పైసా తగ్గించలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఊరి ముందు స్కూలు పరువు గురించి చెప్పి, దొరసామి చెయ్యి పట్టుకున్నాడు. వెనక గొట్టాలు మోగిస్తే ముందువే మోగుతున్నాయని జనం అనుకోరా అని అడిగాడు.

అనుకుంటారు, అన్నాడు దొరసామి. వెనక వరసల్లో తలుపుకు దగ్గరగా, గట్టిగా పలికేవి పందొమ్మిది ఉన్నాయి. పదిహేడు మందికి సరిపోగా రెండు మిగులుతాయి. అవి ఎవరు చేసినవో సారుకు తెలుసు. అందుకు బదులుగా పండగ ఉపన్యాసంలో సారు అంజనప్ప అనే పేరు ఒక్కసారి పలకాలి. ఒక్కసారి చాలు. సారు డబ్బా మీద చెయ్యేసి ఒప్పుకున్నాడు.

పండగకు ముందు రోజు మధ్యాహ్నం షర్మిళ, దొరసామి కలిసి ఆర్గన్ వెనక పలక విప్పారు. ఎవరికి ఏ గొట్టమో రాసుకోవాలి. ఆమెది కుప్పం, ఈ ఊళ్లో తెలుగు చదవగలిగిన కొద్దిమందిలో ఒకతె. ఫోన్ లైటు పట్టుకుని లోపలికి తల పెట్టి, గొట్టాల కాళ్ల దగ్గర మేకుతో గీకిన గీతలు చూసి, ఇవేంటి మామా అని అడిగింది. దొరసామి గర్వంగా నవ్వాడు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తెలుగే మాట్లాడినా అక్షరం ఆయనకు రాదు. స్కూల్లో తమిళం, అంగడి బోర్డు తమిళం. తండ్రి మాత్రం చిత్తూరు దగ్గర మేనమామ ఇంట్లో పెరిగి తెలుగు నేర్చుకున్నాడు. తను చేసిన ప్రతి గొట్టం మీద తన పేరు చెక్కుకున్నాడని దొరసామి ఎప్పటి నుంచో అనుకుంటున్నాడు. పేరు రాసేవాళ్లు రాయకపోయినా, రాసుకున్నవాడు రాసుకునే పోయాడు.

"ఇది మీ నాయన పేరు కాదు మామా," అంది షర్మిళ.

"మరేమి?"

"ఎనుము అని ఉంది."

గొట్టం మీద గేదె పేరేమిటో ఆయనకు అర్థం కాలేదు. ఆమె పక్కదాని మీదికి లైటు జరిపింది. బావి గిలక. దాని పక్కన, మునివెంకటమ్మ దగ్గు. మునివెంకటమ్మ దొరసామి అవ్వ. ఆ పక్కన కోడిపిల్ల, ఆ పక్కన పుట్టమ్మ కేక. షర్మిళకు నెమ్మదిగా తెలిసింది. పాత గొట్టాల మీద ఇంగ్లండువాళ్లు ఇంగ్లీషు అక్షరాలు కొట్టారు, ఏ స్వరం ఎక్కడ నిలబడాలో గుర్తుకు. అంజనప్పకు ఆ అక్షరాలు రావు. పాదిరి తల ఊపిన ప్రతిసారీ ఆ గొంతు ఎక్కడ విన్నానా అని ఆలోచించి, గుర్తొచ్చింది రాసుకున్నాడు. ఇల్లంతా అక్కడ వరసగా నిలబడి ఉంది, గొడ్డూ గోదాతో సహా.

"నాయన పేరు?"

"పందొమ్మిదీ చూసినాను మామా. ఎక్కడా లేదు."

దొరసామి స్టూలు మీద కూర్చున్నాడు. షర్మిళ లైటు ఆర్పలేదు. పదకొండో గొట్టం దగ్గర ఆగి, ఇంకోసారి చదువుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇది, దొరసామి ఏడుపు."

పదకొండోది ఆ ఆర్గన్‌లోకెల్లా దరిద్రపు గొట్టం. మీట ఒకసారి నొక్కి వదిలితే దాని కింది తోలుమూత మళ్లీ మూసుకోదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపు అది మోగుతూనే ఉంటుంది. ప్రార్థన మధ్యలో ఎన్నోసార్లు పరువు తీసింది. టీచర్ వరస బొత్తాం లోపలికి తోసేలోగా దొరసామే చెయ్యి పోనిచ్చి దాని నెత్తిన వేలి కణుపులతో మొట్టి నోరు మూయించేవాడు.

"ఎన్ని మొట్టికాయలు వేసి ఉంటావు మామా?"

"వారానికి మూడు," అన్నాడు ఆయన. వేలి కణుపులు రుద్దుకుంటూ, "ముప్పై నాలుగేళ్లు," అన్నాడు.

మరునాడు చాపెల్ నిండిపోయింది. దాతలు శాలువాలు కప్పుకుని మొదటి వరసలో కూర్చున్నారు. ఒక్కొక్క పేరు పిలుస్తుంటే వాళ్లు లేచి తమ బంగారు గొట్టానికి ఎదురుగా నిలబడ్డారు, వెనక చీకట్లో దొరసామి తండ్రి ఇల్లు వాళ్ల తరఫున పలికింది. నగల అంగడి ఆయనకు మునివెంకటమ్మ దగ్గు వచ్చింది. ఎంత తియ్యగా ఉందో అని ఆయన భార్య కళ్లొత్తుకుంది. రిటైరైన హెడ్మాస్టరుకు బావి గిలక. కుమరేశన్‌కు ఎనుము. ఆయన రెండు చేతులూ జోడించి, ఇంగ్లండు గాంభీర్యం అంటే ఇదీ అని పక్కవాళ్లకు వినబడేలా అన్నాడు. పదకొండోదాన్ని షర్మిళ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత ఉపన్యాసం. తడిక సందుల్లోంచి దొరసామికి రాజమాణిక్కం సారు వీపు, ఆయన చేతిలో కాగితం కనిపిస్తున్నాయి. సారు ఓడను తలచుకున్నాడు, రైలును తలచుకున్నాడు. దాతలను పేరుపేరునా తలచుకున్నాడు. షామియానా వేసినవాణ్ణి, మైకు పెట్టినవాణ్ణి, నీళ్ల క్యాన్లు తెచ్చినవాణ్ణి ఇంటిపేరుతో సహా తలచుకున్నాడు. నీళ్ల క్యాన్ల పేరు వచ్చినప్పుడు దొరసామికి ఆశ పుట్టింది. వరస తమ దగ్గరికి దిగుతోందనుకున్నాడు. సారు కాగితం మడిచాడు. నూరేళ్లుగా ఒక్క గొట్టం కూడా మారని ఈ ఆర్గన్, అని చివరి మాట ఎత్తుకున్నాడు.

ఆర్గన్ ముందు టీచర్‌కు తడిక వెనక కనబడేందుకు ఒక చిన్న అద్దం ఉంటుంది. అందులో షర్మిళ కళ్లు దొరసామిని వెతికాయి. ఆయన పిడి మీద చెయ్యేశాడు. ఆమె చిటికెన వేలితో ఒక్క మీట తాకి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

దొరసామి ఏడుపు మొదలైంది.

సన్నగా, ముక్కుతో, ఎవరో ఎత్తుకునేదాకా ఆపేది లేదన్నట్టు. సారు ఆగాడు. తగ్గుతుందేమోనని చూసి మళ్లీ నోరు తెరిచాడు. అది ఇంకా గట్టిపడింది. ఆయన కోపంగా షర్మిళ వైపు తిరిగాడు. ఆమె ఖాళీ చేతులు పైకెత్తి చూపించింది. ఆ ఖాళీ చేతులు చాపెలంతా చూసింది. మీట మీద వేలు లేదు, ఆర్గన్ దానంతట అదే పలుకుతోంది. ఎవరో ముసలామె మోకాళ్ల మీద కూర్చుంది. వెనక వరసలు లేచాయి. తడిక వెనక ఒక మనిషి ఉంటాడన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. ముప్పై నాలుగేళ్లుగా తట్టలేదు కాబట్టి అదేమంత కష్టం కాలేదు.

రాజమాణిక్కం సారు తక్కువవాడు కాదు. మడిచిన కాగితం జేబులో పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, ఇది ఈ స్కూలు కట్టిన మహనీయుడి గొంతు, ఆయన మనల్ని దీవిస్తున్నాడు అన్నాడు. అందరూ తలలు వంచారు. కుమరేశన్ శాలువా జారిపోయినా చూసుకోలేదు. దొరసామి కొడుతూనే ఉన్నాడు. సీసపు గుండు దొర గీతను దాటింది. చెయ్యి పడిపోయేదాకా కొట్టాడు. ఆ తర్వాత ఏడుపు సన్నగిల్లి, వెక్కి, నిద్రపోయింది.

ఆమెన్, అన్నారు అందరూ.

సంచిక రెండో ముద్రణలో ఒక కొత్త పేజీ చేరింది: మానవ హస్తం తాకకుండా మోగిన ఆర్గన్, చేతులెత్తిన రాజమాణిక్కం సారు ఫొటోతో.

పండగ రోజు సాయంత్రం గౌరమ్మ ఆయన భుజానికి నూనె రాస్తూ జరిగిందంతా చెప్పించుకుంది. చాలాసేపు నవ్వింది.

"చిన్నప్పుడు నువ్వు గంటలు గంటలు ఏడిస్తే ఎత్తుకునే దిక్కు లేదని అత్త చెప్తా ఉండె. ఈ పొద్దు చూడు, ఊరు ఊరంతా లేచి నిలబడి దండం పెట్టినారు," అంది. మళ్లీ నూనె చేతిలోకి తీసుకుని, "మామ పేరు ఎవరూ చెప్పలేదు కదా," అంది.

లేదన్నాడు ఆయన.

సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లలు క్లాసులకు పోయారు. దొరసామి జేబులోంచి షర్మిళ రాసిచ్చిన చీటీ, అంగడి నుంచి తెచ్చుకున్న మేకు తీశాడు. పందొమ్మిదింటి మీదా చోటు వెతికాడు. ఎక్కడా నాయన కుదరలేదు, అవన్నీ నోరున్నవి, నాయన నోరెత్తని మనిషి. చివరికి ముందు వరస వెనక్కి పోయి నడిమి గొట్టం దగ్గర నిలబడ్డాడు. అవతల వైపు కుమరేశన్ పేరు బంగారం మీద నల్లగా మెరుస్తోంది. ఇవతల పూత లేదు, పాత లోహం, నూరేళ్ల మౌనం. చీటీని పక్క గొట్టం సందులో ఇరికించి, చూసి చూసి, ఒక్కొక్క వంకరా దించుకుంటూ, అంజనప్ప అని గీకాడు. ప్ప కింది ఒత్తు కాస్త పక్కకు పోయింది. దాన్ని బొటనవేలితో తుడిచి, మేకు జేబులో వేసుకుని, అంగడికి వెళ్లాడు.